ఎర్రబల్బు వెలిగినంతసేపు

ఒక స్టవ్వు మీద పాలు, ఇంకో స్టవ్వు మీద ఫోటోలు కడిగే డెవలపర్‌ మందు కలపడానికి నీళ్ళు. స్టూడియో వెనక గదిలో నా ఉదయం అలాగే మొదలయ్యేది. పాలు పొంగకుండా ఒక కన్ను, నీళ్ళు మరీ వేడెక్కకుండా ఒక కన్ను. మందు తాజాగా ఉన్నప్పుడు నీళ్ళలాగే ఉంటుంది. వాడుతున్న కొద్దీ రంగు తిరిగి, చివరికి అచ్చం పాలు పోయని చాయ్‌లా అవుతుంది. ఆ పాత మందును మా ఆయన ఇమ్మానుయేలు పారబోయనిచ్చేవాడు కాదు. ఇంట్లో తాగే స్టీలు గ్లాసులోకి ఒంపి, తర్వాత కొత్తదానిలో కలపడానికి ఎక్కడో ఒకచోట పెట్టేవాడు.

"ఆ గ్లాసు పైన పెట్టుండ్రి. పాప నడుస్తాంది" అనేదాన్ని.

"గ్లాసే గదనే, పామా?" అనేవాడు.

మట్టెవాడలో మా స్టూడియోకు మంచి పేరుండేది. బోర్డు మీద నా భర్త పేరు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తి, జోకులేసి నవ్వించి ఫోటో తీయడం అతని పని. ఆ తర్వాతదంతా లోపల నాది. కడగడం, ప్రింట్లు వేయడం, నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో అమ్మవారి మచ్చలు పూడ్చడం, పెళ్ళికూతుళ్ళ కళ్ళ కింది నలుపు తగ్గించడం. అది నేను పెళ్ళికి ముందే కాజీపేటలో మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. పెళ్ళైన కొత్తలో ఇమ్మానుయేలు చేతిలో పెన్సిల్ పెట్టి, చెయ్యి పట్టుకుని చూపించాను కూడా. వారం తిరక్కుండా విసుగొచ్చి వదిలేశాడు. తర్వాత ఒకరోజు ఎవరితోనో "మా ప్రమీలకు ఈ పని మొత్తం నేనే నేర్పిన" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. ఆ మాట ఎన్నోసార్లు విన్నాక నాకే అనుమానం వచ్చేది. నాన్న పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్న ఆ పిల్ల నేనేనా, లేక నేను కల్పించుకున్నానా?

రూతు పుట్టాక వెనక గల్లీలో ఉండే సమ్మమ్మను పెట్టుకున్నాం. పాపను పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చేది. డార్క్‌రూంలో నా చేతులు నా చేతుల్లాగే ఉన్న రోజులవి.

ఆ వేసవిలో ఇన్కంటాక్స్ లెక్కలు చూడటానికి వకీలు రాంచందర్ గారు వచ్చారు. నేను చాయ్ పట్టుకెళ్ళేసరికి ఖర్చులు చదువుతున్నారు.

"బల్బులు, మందులు రాసినం. చెడిపోయిన కాయిదం గూడ రాయొచ్చు ఇమ్మానుయేలు, అది యాపారంల నష్టమే. ఇగ పెరట్ల కుక్క ఉన్నది గదా?"

"టైగరా? అది గూడ రాస్తరా సార్?"

"కెమెరాలకు కావలి గాస్తలేదా మరి? దాని తిండి రాద్దాం."

కప్పులు కింద పెట్టి అడిగాను. "సమ్మమ్మ జీతం గూడ రాయుండ్రి సార్. మా పాపను సూసుకుంటది. ఆమె సూసుకుంటేనే నేను లోపల పని చేస్తాన."

ఆయన చాయ్ ఊదుకుంటూ నన్ను జాలిగా చూశారు. "చెల్లెమ్మా, పిల్లను సాకుడు ఇంటి ఖర్చు. యాపారం కిందికి రాదు."

"నేను లోపలికి పోకుంటె ఫోటోలెట్ల వస్తయి?"

"నువ్వు చేస్తలేవంటలేనమ్మా. నీకు జీతం రాద్దామన్నా, ఫోటోల పనికి నీకేమన్న సర్టిఫికెట్ ఉన్నదా? లేదు గదా. రాసినా అది తిరిగి ఆయన లెక్కలనే కలుస్తది. కాయిదం మీద సూస్తే నువ్వు ఈడ పనిచేస్తలేవు."

"నేర్పింది నేను గదా సార్, సర్టిఫికెట్ నేనే ఇస్త" అన్నాడు ఇమ్మానుయేలు. ఇద్దరూ నవ్వారు. పెరట్లో టైగర్ తన పేరు విన్నదానిలా ఒకసారి మొరిగింది.

ఆ నెలాఖరుకే సమ్మమ్మను మానిపించాడు. "రాసుకోనీకి రాని ఖర్చు ఎందుకే? నువ్వు ఈడనే ఉంటవు, పాప ఈడనే ఉంటది" అన్నాడు. ధర్మసాగర్ నుంచి వచ్చిన అత్తమ్మ ఆ మాటే ఇంకోలా అంది. "నీ మొగన్ని మంచం కోడుకు కట్టేసి నేను నాట్లకు పోయిన. సచ్చిండా? నీది నీడపట్టున పనే గదనే." అని తనే పాత చీర చింపి, రూతు నడుముకు ఒక కొస, ఫోటోల కుర్చీ కాలికి ఒక కొస ముడేసి చూపించింది.

రూతు కాళ్ళకు గజ్జెలు తొడిగాను. అందం కోసం కాదు. ఎర్రబల్బు వెలిగినంతసేపు తలుపు తీయకూడదు, తీస్తే కాగితం నల్లబడిపోతుంది. అంచేత లోపల్నుంచి కనపడని బిడ్డను వినడం అలవాటు చేసుకున్నాను. ఎర్ర వెలుగులో పళ్ళెంలో చేతులు కదులుతుంటే అవి ఎవరివో అనిపించేవి. నేను మొత్తంగా ఒక చెవిగా మారి తలుపుకు అతుక్కుని ఉండేదాన్ని. గజ్జెలు మోగితే ఏం లాగుతోందోనని భయం. మోగకపోతే ఇంకా భయం. మందులో తెల్లకాగితం మీద ముందుగా తేలేవి కళ్ళు. పెళ్ళికూతుళ్ళ కళ్ళు, వాళ్ళ చుట్టూ ఇంకా ముఖం లేకుండా, నన్నే చూస్తుండేవి. ఏదో జరగబోతోందని వాటికి ముందే తెలిసినట్టు.

పెళ్ళిళ్ళ రోజులు. పాలకుర్తి వైపు నుంచి సారంగపాణి అనే ఆసామి కూతురి పెళ్ళి ఫోటోల కోసం మధ్యాహ్నమే వచ్చి బయట కూర్చున్నాడు. నేను లోపల కాగితం డబ్బా విప్పి, వరసగా ప్రింట్లు వేస్తున్నాను. గజ్జెలు కుర్చీ దగ్గర మోగుతున్నాయి. కాసేపటికి కిటికీ వైపు మోగాయి.

చీరముక్క అంత దూరం రాదు.

"ఏమండీ, పాప ఏది?" అన్నాను లోపలి నుంచి.

"ఈడనే ఉన్నది."

"కట్టేసే ఉన్నదా? జర సూడుండ్రి."

"ఉన్నదంటాన గదా. తలుపు తియ్యకు, సారు కూసున్నడు."

పళ్ళెంలో పెళ్ళికూతురి కళ్ళు తేలాయి. గజ్జెలు ఆగిపోయాయి. తర్వాత, కిటికీ పక్క స్టూలు చెక్క మీద స్టీలు రాసుకున్న చిన్న శబ్దం. పొద్దున ఆ గ్లాసు ఎక్కడ పెట్టాడో నేను చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. డబ్బా మూత కోసం నా చెయ్యి వెళ్ళింది. అలవాటు. ముందు కాగితం మూసి, తర్వాత తలుపు తీయాలి. మూత దొరకలేదు. ఒక్క క్షణం నేను నిజంగా మూత కోసం వెతికాను. ఆ క్షణం ఇప్పటికీ నాలో ఎక్కడో అలాగే నిలబడి ఉంది.

తలుపు తీసేశాను. వెలుగు మీద పడింది.

కిటికీ కింద రూతు రెండు చేతులతో గ్లాసెత్తి పట్టుకుని ఉంది. అంచు పెదవికి తగులుతోంది. తోసేశాను. గ్లాసు గోడకు తగిలి దొర్లింది. నోట్లో వేలు పెట్టి చూశాను, వాసన చూశాను. పాల వాసన. నాలుక ఎర్రగా, శుభ్రంగా ఉంది. గౌను ముందుభాగం మాత్రం గోధుమరంగుకు తడిసిపోయింది. కుండలోని నీళ్ళతో దాని మూతి మళ్ళీ మళ్ళీ కడిగాను. అది భయపడి ఏడవసాగింది.

"ఏమైంది బిడ్డా?" సారంగపాణి లేచి నిలబడ్డాడు.

ఇమ్మానుయేలు నా భుజం మీదుగా డార్క్‌రూంలోకి చూస్తున్నాడు. "డబ్బా మొత్తం పాయెగదనే" అన్నాడు. వెంటనే పెద్దమనిషి ఉన్నాడని గుర్తొచ్చి నవ్వు తెచ్చుకున్నాడు. "ఏం ఫికర్ లేదు సార్. చెడిపోయిన కాయిదం లెక్కల రాసుకోవచ్చు. ఇంకో డబ్బా ఉన్నది." నా వైపు తిరిగి మెల్లగా, "దాన్ని కట్టేసి లోపలికి పో. పొద్దుమూకే వరకు ఇయ్యాలె" అన్నాడు.

రూతు నడుము నుంచి ఊడొచ్చిన చీరముక్క కుర్చీ కాలికి అలాగే వేలాడుతోంది. విప్పాను. మడత పెట్టి స్టూలు మీద పెట్టాను. లోపలికి వెళ్ళి నాన్న ఇచ్చిన పెన్సిళ్ళు తీసుకుని, రూతును చంకనెత్తుకున్నాను.

"యాడికి? పని ఎవరు చేస్తరు?"

"ఏమో. నేనైతే ఈడ పనిచేస్తలేను. వకీలు సారు చెప్పిండు గదా."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. సారంగపాణి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, "మరి మా పిల్ల ఫోటోలు?" అన్నాడు. ఇమ్మానుయేలు నెగెటివ్ ఒకటి తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఆ అమ్మాయి చెంప మీది మచ్చలు ఎక్కడ మొదలవుతాయో అతను వెతుకుతున్నాడు.

గడప దాటుతూ ఒకసారి వెనక్కి చూశాను. పట్టపగటి వెలుగులో ఎర్రబల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. తలుపు నేను వేయలేదు.