పిడుదులు దొరకని పచ్చిక

పచ్చికలో తెల్లగుడ్డ ఈడ్చుకుంటూ నడవడం నా ఉద్యోగం. వినేవాళ్ళకు నవ్వొస్తుంది, రానివ్వండి. కర్రకు కట్టిన దుప్పటంత గుడ్డను వెనక లాగుతూ, మోకాలెత్తు గడ్డిలో, ఎక్కడికీ పోవాల్సిన పని లేనట్టు మెల్లగా నడవాలి. కొంత దూరం పోయాక ఆగి గుడ్డ తిరగేసి చూడాలి. గడ్డికొసల మీద కాళ్ళు చాచుకుని, దారిన పోయే ఒంటి కోసం కాచుకు కూర్చున్న, రక్తం తాగే పిడుదులు, వచ్చింది గొడ్డో మనిషో అనుకుని గుడ్డను పట్టుకుని వేలాడుతుంటాయి. వాటిని సన్నటి పట్టకారుతో ఏరి స్పిరిట్ సీసాలో వేస్తాం. ఆఫీసుకు తెచ్చి, కొన్నింటిని కలిపి నూరి, కడుపులో ఏ క్రిములు దాచుకున్నాయో చూస్తాం. పేరుమోసిన జబ్బుల్ని వెతికేవాళ్ళు వేరే ఉన్నారు. డాక్టర్లకు కూడా చప్పున గుర్తురాని జబ్బులు మా వంతు.

ఆ నడకలో ఒక మత్తుంది. వెనక గుడ్డ గడ్డిని నిమురుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. కాసేపటికి నేను నడుస్తున్నానో, నేలే నా కాళ్ళ కింద నుంచి జరిగిపోతోందో తెలియదు. పిలిచినా పలకనని మావాళ్ళు వెక్కిరిస్తారు.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఇంటి వెనక తలుపు తీస్తే పెద్ద పచ్చిక. నాన్న పోయాక అమ్మకు అదే కాలక్షేపం. సాయంత్రమయ్యేసరికి వట్టికాళ్ళతో అందులోకి దిగిపోయేది. "చెప్పులేసుకోమ్మా, పురుగూ పుట్రా ఉంటాయి" అంటే, "గడ్డే కదే, గాజుపెంకులా?" అనేది. పిడుదుల మీద జీతం తీసుకునే నా మాటకు ఇంట్లో ఉన్న విలువ అంత.

ఆ వేసవి మొదట్లో అమ్మకు జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. దానంతటదే తగ్గింది. మరిచిపోతున్నామనగా మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. మామూలు పరీక్షల్లో ఏమీ తేలలేదు.

"జ్వరం ఉన్నప్పుడు రక్తం తీస్తేనే క్రిమి దొరుకుతుంది. తగ్గాక తీసుకొస్తే నేనేం చేయను?" అని డాక్టరమ్మ విసుక్కుంది. జ్వరం ఉన్నప్పుడు అమ్మ కదిలితే కదా! కంబళి కప్పుకుని గోడవైపు తిరిగి "రేపు పోదాంలే" అనేది. డాక్టరమ్మకు తోచిన దారి ఒక్కటే. "మీ ఇంటి వెనక పచ్చికలో అమ్మను కరిచే పిడుదుల్లో ఏముందో మీరే చూసి చెప్పండి. దాన్ని బట్టి మందు మొదలెడతా. ఇలా తిరగబెడుతూ పోతే మాత్రం ఏదో ఒకసారి మెదడుకు పాకుతుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

మరుసటి ఉదయమే ఇంట్లో ఉంచుకున్న గుడ్డ తీసుకుని పచ్చికలో దిగాను. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. గుడ్డ ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉంది. ఒక్క పిడుదంటే ఒక్కటి లేదు.

"దొరికాయా?" అని అమ్మ తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"లేవు."

"పోనీలే," అంది. ముఖం విప్పారింది. మన పచ్చిక శుభ్రంగా ఉందని సంతోషం కాబోలు అనుకున్నాను.

మా ఆఫీసులో పెద్దాయనను అందరం ముక్కుగారంటాం. సబ్బు వాసనొచ్చే మనిషిని ఆయన పచ్చిక ఛాయలకు రానివ్వడు. గుడ్డను వట్టి వేడినీళ్ళలో జాడించాలే తప్ప సబ్బు తగలకూడదన్నది ఆయన శాసనం. మర్నాడు ఆయనను ఇంటికి తీసుకొచ్చాను. ఆయన గడ్డి వైపు కూడా చూడలేదు. గుడ్డ అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కంగారులో నేను పట్టించుకోని వాసన ఆయనకు చప్పున తగిలింది.

"ఏంటమ్మాయ్, ఇదేమన్నా పెళ్ళి చీర అనుకున్నావా, కలరా ఉండలు పెట్టి దాచావు? ఈ కంపుకు పిడుదు దగ్గరికొస్తుందా? ఇంకా నయం, పచ్చిక శుభ్రంగా ఉందని రిపోర్టు రాసేవాళ్ళం!"

కర్రకు కొత్త గుడ్డ కట్టి దిగాను. కంచె దాకా కూడా పోలేదు, గుడ్డంతా ఆవాలు చల్లినట్టయింది. నూరి చూస్తే, మెలికలు తిరిగిన క్రిమి ఒకటి బయటపడింది. తిరగబెట్టే జ్వరం తెచ్చేది అదే. డాక్టరమ్మ వెంటనే బిళ్ళలు రాసిచ్చింది. నేను ఇంటికి వెళ్ళేసరికి అమ్మ మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"నా గుడ్డలో కలరా ఉండలు ఎవరు పెట్టారు?"

"నేనే," అంది, తల ఎత్తకుండా. "పెట్టకూడదని నువ్వేగా రోజూ అన్నం దగ్గర చెప్తుంటావు."

"తెలిసి పెట్టావా!" నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకు?"

"నీకవి దొరికితే మందిస్తారు. మందేస్తే జ్వరం పోతుంది."

"పోవాలనే కదా నేనిక్కడ చస్తున్నది!"

అమ్మ దిండు గలీబును అరచేత్తో సాపు చేసింది. "జ్వరమొస్తే మీ నాన్న వస్తున్నారే," అంది మెల్లగా. "ఇదిగో, ఇక్కడే, మంచం అంచున కూర్చుంటారు. నుదుటి మీద చెయ్యి వేస్తారు. ఎంత చల్లగా ఉంటుందో ఆ చెయ్యి! ఏమీ మాట్లాడరు. అన్నీ నేనే చెప్తాను. కిందటిసారి పచ్చికంతా గదిలోకి వచ్చేసింది. గడ్డి మంచం ఎత్తు పెరిగి ఊగుతోంది. ఇద్దరం పడవలో కూర్చున్నట్టు కూర్చున్నాం."

కిందటిసారి ఆ మంచం అంచున కూర్చున్నది నేను. తడిగుడ్డ మార్చీ మార్చీ చల్లబడిన చెయ్యి నాది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఏవేవో చెప్తుంటే జ్వరంలో పలవరిస్తోందనుకున్నాను. అది నేనేనమ్మా అని ఒక్క మాట అంటే గొడవ తీరిపోయేది. కానీ ఆ ముఖం చూస్తూ నాన్నను రెండోసారి పోగొట్టడానికి నాకు నోరు రాలేదు.

"నాన్న కోసం నువ్వు కూడా పోతే నా సంగతేంటి?" అని అరిచాను.

"ఇంకొక్కసారి రానీవే. చూసి వేసుకుంటాను," అని బిళ్ళల అట్ట దిండు కింద పెట్టేసుకుంది. ఎంత బతిమాలినా తీయలేదు.

జ్వరం అమ్మ కోరుకున్నట్టే వచ్చింది. మధ్యాహ్నం. ఎండ పచ్చిక మీద పడి, ఆ పచ్చదనం గోడ మీదికి ఎగబాకి నీళ్ళలా కదులుతోంది. అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఈ గదిలో లేదు.

"వచ్చారా?" అంది నా చెయ్యి అందుకుని.

గొంతు తగ్గించి, "వచ్చాను" అన్నాను.

"ఆలస్యం చేశారు."

"దారంతా గడ్డి." ఆ మాట నాకెలా తోచిందో నాకే తెలియదు.

"అమ్మాయి కనిపించిందా? గుడ్డ ఈడ్చుకుంటూ తిరుగుతోంది పిచ్చిది. నా కోసమే."

"కనిపించింది." నా కళ్ళు నిండిపోయాయి. నాన్న ఎప్పుడూ పిలిచినట్టే పిలిచాను. "ఏమోయ్, ఆ బిళ్ళ వేసుకో."

అమ్మ నన్నే చాలాసేపు చూసింది. తర్వాత చిన్నపిల్లలా నోరు తెరిచింది. బిళ్ళ వేసి, తల ఎత్తిపట్టి నీళ్ళు తాగించాను. గుటక పడింది. గోడ మీద పచ్చదనం ఊగుతూనే ఉంది. ఇద్దరిలో జ్వరం ఎవరికో, కల ఎవరిదో నాకు తెలియకుండా పోయింది. నా పాదాలకు గడ్డి తగిలినట్టయింది. వెనక ఎవరో నిలబడ్డట్టనిపించింది. తిరిగి చూడలేదు. చూస్తే ఉండరని భయం.

మిగతా బిళ్ళలు అమ్మ పేచీ లేకుండా వేసుకుంది. జ్వరం మళ్ళీ రాలేదు.

వానాకాలం మొదలయ్యే ముందు ఒక సాయంత్రం, నేను పని నుంచి రాగానే అమ్మ నన్ను వెనక మెట్టు మీద కూర్చోబెట్టి, జుట్టు పాయలు తీసి పిడుదుల కోసం వెతుకుతోంది. అడగకుండా ఉండలేకపోయాను.

"ఆ రోజు నాన్న వచ్చారామ్మా?"

"వచ్చారు."

"బిళ్ళ వేసుకోమన్నారా?"

అమ్మ పకపకా నవ్వింది. "మీ నాన్నా? జన్మలో ఒక్క బిళ్ళ మింగిన మనిషి కాదు. తలనొప్పికి కూడా పొడి చేసి, దొంగతనంగా పాలల్లో కలిపి పట్టేదాన్ని. ఆయన నన్ను మింగమంటారా!"

"మరి తెలిసే మింగావా?"

"ఏడుస్తున్నావు కదే," అంది అమ్మ. వేళ్ళు నా చెవి వెనక మెల్లగా తడుముతున్నాయి. "ఆయన కూడా అక్కడే ఉన్నారు. నీ ఏడుపు చూడలేక లేచి నీకు చోటిచ్చారు. ఆ గడ్డిలోకి దిగి వెళ్ళిపోతుంటే చూస్తూ పడుకున్నాను. పిలిస్తే ఆగేవారే. పిలవలేదు."

నేను మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాను. "తల కదపకు," అని కసిరి, అమ్మ వెతుకుతూనే ఉంది.