టీ నీళ్ళలో ముంచిన గుడ్లు

"తొందరగా కానియ్యి పేరమ్మా! తెనాలి నుంచి టీచరమ్మ వచ్చేస్తోంది," అని గేటు దగ్గర్నుంచే కేకేశాడు కోళ్ళఫారం యజమాని నాగమల్లేశ్వరరావు.

పేరమ్మ చేతులు రెండూ టీ డికాక్షన్ తొట్టిలో ఉన్నాయి. పొద్దుటి నుంచి తెల్ల గుడ్లను అందులో ముంచి, రంగు తిరిగాక ఆరబెడుతోంది. ఏడు రూపాయల గుడ్డు ఈ స్నానం చేస్తే చాలు, నాటుకోడి గుడ్డని చెప్పి పదహారుకు పోతుంది. ఆమె కూలి మాత్రం రోజుకు మూడొందల యాభైయే. కూలి కన్నా ముఖ్యం, ఫారంలోనే ఉండటానికిచ్చిన గది. పక్షవాతంతో మంచాన పడ్డ మొగుడు సింగయ్య అందులోనే ఉన్నాడు. అలాంటి మనిషికి గది అద్దెకిచ్చేవాళ్ళు చుండూరంతా తిరిగినా దొరకలేదు.

పేరమ్మ తొట్టి మీద గోనెసంచి కప్పేసరికి టీచరు చందన స్కూటీ దిగింది. గేటు పక్కన గింజలేరుకుంటున్న ముప్పై నాటుకోళ్ళను చూపించాడు నాగమల్లేశ్వరరావు. చూపించడానికే పెంచుతున్నాడు వాటిని, మహానుభావుడు!

"బోనుల్లో కుక్కిన కోళ్ళ గుడ్లు నేను కొననండి," అంది చందన. "రెట్టింపు ధరైనా ఇస్తాను, కోడి హాయిగా తిరగాలి. నమ్మకం కుదరకపోతే గుడ్డే మానేసి సెనగలు నానబెట్టుకుంటాను."

"అయ్యో, మీ కళ్ళతో మీరే చూశారు కదండి!"

చందన చూపు ఆరబెట్టిన గుడ్ల మీద పడింది. మూడొందలకు తక్కువ లేవు.

"ముప్పై కోళ్ళు ఇన్ని పెడతాయా పెద్దమ్మా?"

"చెప్పు పేరమ్మా," అన్నాడు నాగమల్లేశ్వరరావు. నవ్వుతూనే ఆమె గది వైపు ఓరగా చూశాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ అబద్ధం ఎన్నిసార్లు చెప్పలేదు తను! కానీ వాళ్ళంతా బేరగాళ్ళు. ఈ పిల్ల మాత్రం కోడి బాధపడకూడదని జీతంలోంచి రెట్టింపు పోస్తానంటోంది. రేకుల షెడ్డులో రెక్క విప్పే సందు లేక, ముక్కులు కోయించుకుని, ఒకదాన్నొకటి తొక్కుకునే కోళ్ళకు రోజూ మేత వేసేది పేరమ్మే. ఆమెకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

లేచింది. తడి చేతులు చీరకు తుడుచుకుని, షెడ్డు తలుపు గొళ్ళెం లాగింది. కంపూ గోలా ఒక్కసారే మీద పడ్డాయి.

"పేరమ్మా!" అని అరిచాడు నాగమల్లేశ్వరరావు.

"లోపలికొచ్చి చూడమ్మా," అంది పేరమ్మ. "చూశాక, తెనాల్లో మంచం పట్టినోడికి గదిచ్చేవాళ్ళెవరన్నా ఉంటే చెప్పు తల్లీ. ఈ రాత్రికి మేం ఎక్కడ పడుకోవాలో నాకు తెలవదు."