నలభై దాటని మగవాళ్లు

హనోకు ముప్పై ఎనిమిదేళ్లకే పోయాడు. కోటగిరి దగ్గర ట్రాక్టరు మీదికి చెరకు మోపు ఎక్కిస్తూ ఛాతీ పట్టుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. శవపెట్టెలో అతని చేతులు సర్దుతున్నప్పుడు తమ్ముడి భార్య శారమ్మ చూసింది. వేళ్ల కణుపుల మీద, మోచేతుల దగ్గర శనగగింజలంత పసుప్పచ్చటి గడ్డలు. తన భర్త దేవదాస్‌కూ అచ్చం అలాంటివే ఉన్నాయి.

ఇంటికి వచ్చాక అడిగితే దేవదాస్, "మా బాపుకు గూడ ఉండె," అన్నాడు. తండ్రి పోయింది ముప్పై తొమ్మిదో ఏట.

తల్లి సాయవ్వ గోడకు ఆనుకుని, "ఈ ఇంట్ల మొగోళ్లు నలభై దాటరు. ఎవలో ఏదో జేసిండ్రు," అంది.

దేవదాస్‌కు అప్పుడు ముప్పై ఆరు.

శారమ్మ బోధన్‌లో ఒక నర్సింగ్‌హోంలో ఆయా. ఆ వారంలోనే భర్తను నిజామాబాద్ తీసుకుపోయింది. విమలమ్మ డాక్టరు అతని కనురెప్పలు చూసింది, మడమ నరం నొక్కి చూసింది, రక్తం తీయించింది.

"కొలెస్ట్రాల్ మూడువందల తొంభై ఉన్నది. రెండువందలు దాటొద్దు."

"గింత బక్కగున్న మేడం. నెయ్యి మొఖం సూడనోణ్ని. నాకు కొవ్వెక్కడిది?"

"ఇది తిండితోటి వచ్చింది గాదు. మీ బాపు నుంచి వచ్చింది. రక్తంల కొవ్వును మీ కాలేయం తీసెయ్యలేకపోతున్నది. అది గుండె నరాలల్ల పేరుకుంటది. నొప్పి ఉండదు, తెల్వదు. తెలిసేటాళ్లకు టైముండదు. రోజుకొక గోళి, బతికినన్ని దినాలు. బీడీ బంద్."

బీడీ మానేశాడు. మూడు నెలల తర్వాత పరీక్షలో రెండువందల నలభైకి దిగింది. శారమ్మ ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టుకుంది.

చెరకు సీజను మొదలయ్యాక, ట్రాక్టరు తోలే దేవదాస్‌కు పిక్కలు గుంజసాగాయి. ఆ గోళీలు ఒంట్లో బలం తీస్తాయని తోటి డ్రైవరెవరో చెప్పాడు. ఆ రోజు నుంచి గోళీని జేబులో వేసుకుని పోయి కాలువలో పడేసేవాడు.

"గోళి ఏసుకున్నవా?" అని శారమ్మ రోజూ అడిగేది.

"ఏసుకున్న."

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వేళ కాని వేళ ఇంటికి వచ్చాడు. దవడ పట్టుకుని, "పన్ను గుంజుతున్నది. లవంగం ఉంటె ఇయ్యి," అన్నాడు. ఎండ అంతగా లేకున్నా అతని చొక్కా చెమటకు తడిసి ఉంది. ఎడమ చేతిని ఊరికే పిసుక్కుంటున్నాడు.

అది పన్ను నొప్పి కాదని శారమ్మకు తెలిసిపోయింది, లవంగం వెతకలేదు. నర్సింగ్‌హోంలో చూసినట్టే ఆస్పిరిన్ నమిలించి, వీధి చివర ఉన్న జీపును పిలిచింది.

నిజామాబాద్ రోడ్డు పొడవునా చెరకు ట్రాక్టర్లే. జీపు ఆగుతూ, కదులుతూ పోతోంది. ఆమె ఒళ్లో తల పెట్టుకుని దేవదాస్, "గోళీలు ఏసుకోలే, శారా," అన్నాడు. "రెండు నెల్లయితున్నది."

ఆమె అతని మణికట్టు వదలకుండా నాడి లెక్కపెడుతూ కూర్చుంది.

బతికాడు. గుండెలో కొంత భాగం మాత్రం చచ్చిపోయింది.

"కాళ్లు గుంజుతే నాకు చెప్పాలె. గోళి మారుస్తుంటి గద," అంది విమలమ్మ. తర్వాత, "పిల్లలెందరు?" అని అడిగింది.

ఒక్కతే. రూతుకు పదకొండేళ్లు. మర్నాడు ఆ పిల్ల రక్తం తీశారు. మూడువందల అరవై.

సాయవ్వ డాక్టరు చెయ్యి పట్టుకుంది. "ఆడివిల్ల గద, బిడ్డా. మొగోళ్లే గద పోయిండ్రు."

"ఆడ, మగ అని సూడదవ్వా. ఇప్పుడే గోళి వద్దు. నూనెలు తగ్గియ్యండి, మూడు నెలలకు మళ్ల తీస్కరాండ్రి. అప్పటికి దిగకుంటె గోళి తప్పదు."

డాక్టరు వెళ్లాక రూతు మంచం అంచున కూర్చుంది.

"నాకెప్పుడొస్తది బాపు?"

"రాకుండ సూసుకుందాం బిడ్డా," అన్నాడు దేవదాస్. అంటూనే అతని చెయ్యి ఛాతీ మీదికి పోయింది. శారమ్మ గబుక్కున లేచి నర్సును పిలిచింది.

నర్సు నాడి చూసి, బీపీ చూసి, ఇప్పుడేం లేదంది. ఆమె వెళ్లిపోయాక కూడా రూతు తండ్రి చేతినే చూస్తూ ఉంది.