గేటు దగ్గర నీడ

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇరవై ఏళ్లుగా ఎండలో కాపలా కాస్తున్న ఆమెకు నుదుటి మీద గరుకు మచ్చలు లేచాయి. వదిలేస్తే క్యాన్సర్‌గా మారొచ్చని డాక్టరు క్రీము రాసిచ్చారు. చర్మం ఎర్రబడి చెక్కు కట్టినా నెల రోజులు రాయడం మానొద్దన్నారు. ఎండ తగలకూడదన్నారు.

పదో రోజుకు నుదురంతా పచ్చిపుండైంది. మేనేజరు చూసి జడుసుకున్నాడు.

“వచ్చేవాళ్లు భయపడతారమ్మా. తగ్గేదాకా సెలవు పెట్టు. జీతం మాత్రం రాదు.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“నెత్తిన ఒక్క రేకు వేయించమని కాళ్లరిగేలా తిరిగాను సార్. అప్పుడు కనపడని నా మొహం ఇప్పుడు కనపడిందా?”

కుర్చీ లాక్కొచ్చి ఆయన గది గుమ్మం ముందు నీడలో వేసుకుంది. వచ్చినవాళ్ల పేర్లు అక్కడే రాసుకుంది. అడిగినవాళ్లందరికీ ఆ మచ్చలు ఎలా వచ్చాయో దాచకుండా చెప్పింది.

పుండు మానకముందే గేటు మీద రేకులు పడ్డాయి. ఆమె మాత్రం థాంక్స్ చెప్పలేదు.