చిటికె కన్న పళ్ళు

చిటికె అనే ఆ కుక్క నిజంగా చిటికెడే. చెప్పుల పెట్టెలో పడుకోబెడితే పక్కన ఇంకో చెప్పుకు చోటు మిగులుతుంది. అలాంటి ప్రాణి కోసం వీధిలో మగకుక్కలన్నీ గేటు ముందు బారులు తీరి, పాలవాణ్ణి కూడా లోపలికి రానివ్వడం మానేసేసరికి ఆ ఇంటి కోడలికి విసుగెత్తింది. అత్తగారు కూతురింటికి వెళ్ళిన సమయం చూసి, చిటికెను పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించింది.

చేసింది మంచిపనే. చేసిన పద్ధతే కొంప ముంచింది. చిటికె తినేది అత్తగారి చేతిలో, పడుకునేది అత్తగారి కాళ్ళ దగ్గర. ఆవిడ తిరిగొచ్చి, దాని పొట్ట మీద కుట్లు చూసి, చేతిసంచి కింద పెట్టకుండానే అడిగారు.

"నన్నొక్క మాట అడిగావా?"

డాక్టరమ్మ చెప్పిన కారణాలన్నీ కోడలు గడగడా అప్పజెప్పింది. అడిగినదానికి అవేవీ జవాబు కావని ఆమెకూ తెలుసు. అడిగితే వద్దంటారని అడగలేదు, అంతే సంగతి. అత్తగారు మరి మాట పెంచలేదు. అటక మీది సూట్‌కేసు దింపించి, మంచం పక్కన తెరిచి పెట్టుకున్నారు. చిటికెకు కుట్లు విప్పగానే దాన్ని చంకనేసుకుని కూతురింటికి పోయి, ఇక అక్కడే ఉండిపోతారట.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా పైకీ కిందికీ తిరుగుతాడే గానీ ఇంట్లో మాత్రం ఏ పక్కకూ ఒరగడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెత పుట్టింది అతని కోసమే. తల కంచంలో దూర్చి తినేసి, చెయ్యి కడుక్కుని పనికి పోయేవాడు.

కోడలికి దిగులు పట్టుకుంది. ఆమె వృత్తి కట్టుడు పళ్ళు చెయ్యడం. ముందుగదే కార్ఖానా. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తే వాటిమీద మైనం పోసి, పళ్ళు పేర్చి, సెట్టు తయారుచేసి పంపుతుంది. అత్తగారు రోజూ అక్కడే కుర్చీ వేసుకుని, ప్రతి సెట్టునూ వెలుతురులో పెట్టి చూసి వంక పెట్టేవారు. ఇది పిసినారి నోరనేవారు, ఇది అబద్ధాలకోరు నవ్వనేవారు. కోడలు ఊరుకునేది కాదు, మాటకు మాట బదులిచ్చేది. ఆవిడ వెళ్ళిపోతే ఆ కుర్చీలో కూర్చునేదెవరు? మొగుడితో పోట్లాడదామంటే గాలితో కుస్తీ పట్టినట్టే. తగువాడుకోవడానికైనా తగిన మనిషి ఉండాలి కదా. ఈ ముక్క పైకి చెప్పడానికి మాత్రం ఆమెకు నోరు పెగల్లేదు.

కుట్లు విప్పిన మర్నాడే చిటికెకు పిచ్చి పట్టింది. దుప్పట్లు గీకింది, మూలమూలా తిరిగి మూలిగింది. చివరికి సూట్‌కేసులోకి ఎక్కి, సర్దిపెట్టిన బట్టలన్నీ కెలికి గూడు చేసుకుంది. తెల్లారి అత్తగారు దిండు పక్కన తడుముకుంటే తన కట్టుడు పళ్ళసెట్టు లేదు. రాత్రిపూట నీళ్ళగ్లాసులో పెట్టుకోమని కోడలు ఎన్నోసార్లు చెప్పింది. కోడలు చెప్పింది కాబట్టే ఆవిడ రుమాల్లో పెట్టుకునేవారు.

సెట్టు సూట్‌కేసులో ఉంది. చిటికె దాని చుట్టూ ముడుచుకుని పడుకుని, పై వరసా కింది వరసా తేడా లేకుండా ప్రేమగా నాకుతోంది. అత్తగారు చెయ్యి చాపారు. అన్నం పెట్టిన ఆ చేతి మీదికే చిటికె గుర్రుమంది.

కోడలు డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఆపరేషన్ తర్వాత కొన్నిటికి ఒళ్ళు ఇలా మోసం చేస్తుందని, ఈనినట్టు భ్రమపడి ఏదో ఒక వస్తువును పిల్లనుకుని సాకుతాయని ఆవిడ చెప్పింది. లాక్కోవద్దంది, కసరొద్దంది, కొద్దివారాల్లో అదే సర్దుకుంటుందంది.

పళ్ళు లేకుండా అత్తగారు ప్రయాణం కారు. కారణం వియ్యపురాలు. కూతురి అత్తగారైన ఆవిడకు ఈ వయసులో కూడా ముప్ఫై రెండు పళ్ళూ సొంతవే, పైగా అస్తమానం నవ్వుతుంది. బోసినోటితో ఆవిడ ఎదుట పడటం కంటే ఈ ఇంట్లో పడి ఉండటమే మేలనుకున్నారు అత్తగారు.

ఇక మాటల తంటా మొదలైంది. పళ్ళు లేని మాట సగం గాలికే పోతుంది. అత్తగారు మాట్లాడితే కొడుక్కి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బోసినోళ్ళతో వ్యవహారం చేసే కోడలికి మాత్రం అక్షరం పొల్లుపోకుండా తెలిసేది. దాంతో కొడుకు దగ్గర కోడలి మీద చాడీలు చెప్పాలన్నా మధ్యలో కోడలే నిలబడాల్సి వచ్చింది.

"ఏమంటోంది?" అనేవాడు అతను.

"మీ పెళ్ళానికి పెద్దంతరం చిన్నంతరం లేదంటున్నారు."

అత్తగారు చెయ్యి ఊపి మళ్ళీ ఏదో అనేవారు.

"మెత్తగా చెప్పొద్దట. రాక్షసి అన్నారట, ఆ మాట కూడా చెప్పమంటున్నారు."

అనువాదం బాగా కుదిరినట్టుంది, అత్తగారు తృప్తిగా తలాడించేవారు. ఆడపడుచు ఫోన్ చేసినా ఇదే తంతు. అమ్మ ఎప్పుడొస్తుంది వదినా అంటే, పళ్ళు రాగానే అని కోడలు చెప్పేది, ఏడాది నిండని పసిపాప గురించి చెప్పినట్టు.

అత్తగారి నోటి అచ్చు కార్ఖానాలో అలమర మీదే ఉంది. కొత్త సెట్టు చెయ్యడం కోడలికి రెండు రోజుల పని. ఆవిడ అడిగితే కాదనలేక చేసింది కూడా. చేసి, బల్ల సొరుగులో అచ్చుల కింద దాచేసింది. ఎంతవరకు వచ్చిందని అడిగినప్పుడల్లా మైనం కుదరడం లేదనేది. మైనం ఎలా కుదురుతుందో రోజూ చూసే అత్తగారు ఊఁ అని ఊరుకునేవారు.

ఒక పొద్దున చిటికె సూట్‌కేసులోంచి దిగి, ఒళ్ళు విరుచుకుని, గేటు దగ్గరికి పోయి పాలవాడి మీద మొరిగింది. కన్నపళ్ళ వైపు కన్నెత్తి చూడలేదు. అత్తగారు స్నానానికి వెళ్ళారు. కోడలు గేటు దగ్గరికి పరిగెత్తింది. కుక్కను ఎత్తుకొచ్చి సూట్‌కేసులో దించింది. పళ్ళను దాని పొట్ట కిందికి తోసింది. చిటికె ఒకసారి వాసన చూసి, తుమ్మి, దిగిపోయింది. స్నానాలగది గడియ చప్పుడైంది. కోడలు గబగబా ముందుగదిలోకి వచ్చి కూర్చుని, అరగదీసే మిషను వట్టినే తిప్పసాగింది.

ఇప్పుడు పిలుస్తారు, పళ్ళు దొరికాయి, బండి పిలిపించమంటారు అనుకుంది. ఆవిడ పిలవలేదు. ఎంతసేపటికీ లోపలినుంచి అలికిడి లేదు. మిషను ఆపి, వెళ్ళి తలుపు సందులోంచి చూసింది.

ఎంత పనున్నా వంగని మోకాళ్ళు మడిచి, అత్తగారు సూట్‌కేసు ముందు నేలమీద కూర్చుని ఉన్నారు. ఒక చేత్తో చిటికెను అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో పళ్ళసెట్టు దాని మూతి దగ్గర పెట్టి బతిమాలుతున్నారు.

"నీ బిడ్డేనే తల్లీ. ఇంకో నాలుగు రోజులు చూసుకోవే."

ఇంకెవరికైనా అయితే ఆ గాలిమాట అర్థమయ్యేది కాదు. చిటికె గింజుకుని, విడిపించుకుని, కోడలి కాళ్ళ మధ్యనుంచి బయటికి పరిగెత్తింది. దాని వెనకే తిరిగిన అత్తగారి చూపు కోడలి మీద పడింది. కోడలికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"మిమ్మల్ని ఒక్క మాట అడగాల్సింది అత్తయ్యా," అంది.

అత్తగారు పళ్ళను కొంగుతో తుడిచి నోట్లో పెట్టుకున్నారు. దవడ అటూ ఇటూ ఆడించి, మళ్ళీ తీసి కోడలి చేతిలో పెట్టారు.

"ఎడంపక్క గుచ్చుకుంటోంది. చూడు. తొందరేం లేదు."

కోడలు సెట్టును కిటికీ వెలుతురులో పెట్టి, వేలితో ఎడంపక్కంతా తడిమింది. అన్నాళ్ళు చిటికె నాకిందేమో, ఎక్కడా గరుకన్నదే లేదు.

"అవునత్తయ్యా. వీటికి చాలా పనుంది."

"సొరుగులో దాచావే, అవి కూడా తియ్యి," అన్నారు అత్తగారు, లేవడానికి కోడలి చెయ్యి అందుకుంటూ. "మొన్నే పెట్టుకుని చూశాను. అవీ గుచ్చుకున్నాయి."