ఏడో దెబ్బ

ఎనిమిదో మనిషి ఎక్కేదాకా లువాజ్ బండి, ఊళ్ల మధ్య తిరిగే షేర్ టాక్సీ, కదలదు, సూస్ స్టాండులో ఎవరూ మీరని రూలు అది, మరి ఈ పాటలో ఎనిమిదోది లేనే లేదు, ఏడు దెబ్బలకే తాళం మళ్లీ మొదటికొస్తుంది, అనుకుంటూ వజ్దీ హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు, చెవిలో టిక్కుటిక్కుమని లెక్క తప్పని శబ్దం, దాని మీద జుబైర్ గిటారు, మాంట్రియల్‌లో ఒక్కడే కూర్చుని వాయించి పంపింది, మార్సే నుంచి అన్వర్ బేస్ గిటారు కూడా అలాగే ఫైలై దిగింది, పన్నెండేళ్ల తర్వాత మన మెటల్ బ్యాండు మళ్లీ కలిసింది, కొత్త ఆల్బమ్ వస్తోంది అని నెట్లో జనం ఏడుపు బొమ్మలు పెడుతున్నారు, ఏం కలిసిందిరా నాయనా, ట్యునిస్ శివారు ఎజ్జహ్రాలోని ఈ గ్యారేజీ స్టూడియోలో డ్రమ్ముల ముందు తానొక్కడు, అద్దం అవతల రికార్డింగు చేసే కుర్రాడు మెహ్రెజ్, పెళ్లికి చుట్టాలంతా కొరియర్‌లో వచ్చినట్టుంది.

మొదట వచ్చిన ఫైల్లో డ్రమ్ములు కూడా ఉన్నాయి, మెషీన్‌వి, కింద జుబైర్ రెండు ముక్కలు, ఇష్టమైతే నువ్వు వాయించు, లేదంటే ఇవే ఉంచేస్తాం, ఎలా ఉన్నావనలేదు, మీ అమ్మ పోయిందని విన్నాననలేదు, ఆ రెండు ముక్కలూ మనసులో పెట్టుకుని వజ్దీ ఆరు వారాలు సూస్ నుంచి ట్యునిస్‌కీ, ట్యునిస్ నుంచి సూస్‌కీ బండి తోలాడు, వాడికి నేను కావాలా, ఆల్బమ్ అట్ట మీద నా పేరు కావాలా, ఇదొక్కటే తేలితే చాలు, అడగడానికి నోరు రాదు, వెనక సీట్లో ముసలావిడ, నాయనా, నువ్వు స్టీరింగు మీద దరువేస్తుంటే మా ప్రాణాలు గాల్లో ఉన్నాయి, కాస్త రోడ్డు చూడు, చూస్తున్నానమ్మా, చూస్తూనే ఉన్నాను.

స్ఫాక్స్‌లో ఆఖరి కచేరీ నాడు కూడా ఇదే పాట, రికార్డు చెయ్యకుండా మిగిలిపోయింది, నాలుగుచోట్ల ఏడో దెబ్బ తన చేతిలోంచి ముందే జారిపోయేది, స్టేజి వెనక జుబైర్ అందరి ముందూ, ఒరేయ్, నీకు బ్యాండెందుకురా, పోయి లువాజ్ నడుపుకో, ముందు చేరడమొక్కటే కదా నీకు తెలిసింది, అన్నాడు, నడుపుతానురా, నీ మొహం చూడక్కర్లేదు, అని వజ్దీ డ్రమ్ము కర్రలు వాడి కాళ్ల దగ్గర పడేశాడు, పంతానికి నిజంగానే నడిపాడు, వాడు పంతానికి దేశమే దాటాడు, నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఇద్దరి నోళ్లూ మంచివి కాకపోయేసరికి చెరో ఊరు అయింది.

రైలన్నా, ఆగు, అని మెహ్రెజ్ చెయ్యెత్తాడు, గ్యారేజీ గోడల్ని వణికిస్తూ శివారు రైలు పోయేదాకా ఇద్దరూ ఊరకే కూర్చున్నారు, సగం తిన్న ట్యూనా శాండ్‌విచ్‌లోంచి హరీసా కారం ఘాటు, తినబుద్ధి కాలేదు, మెహ్రెజ్ తెర మీదికి వంగి, అన్నా, మీ వాడి గిటారు నాలుగుచోట్ల టిక్కు కన్నా ముందే పడుతోంది, వయసు కదా, చెయ్యి వణికినట్టుంది పాపం, ఒక్క నిమిషంలో వెనక్కి జరిపేస్తాను, అంటున్నాడు, వజ్దీకి లోపల సంతోషం, చెడ్డ సంతోషం, చూశావురా జుబైర్, నువ్వూ పరిగెత్తావు, ఏదీ, వాడొక్కడిదే వినిపించు తమ్ముడూ, కాసేపు నవ్వుకుంటాను.

ఒంటి గిటారు, కుర్చీ కిర్రుమన్న చప్పుడుతో సహా, మొదటి నిమిషం గీత గీసినట్టుంది, రెండోదీ అంతే, పలకరించే మనిషి లేని గది, కిటికీ బయట మంచు కాబోలు, తర్వాత ఆ మెలిక, ఏడో దెబ్బ, వజ్దీ అరచెయ్యి తనంతట తానే తొడ మీద పడింది, సరిగ్గా తీగతోపాటే, మళ్లీ, మళ్లీ, నాలుగోసారీ, తాను జారే ఆ నాలుగు చోట్లే, తాను జారినంతే, ఇంకెక్కడా వెంట్రుకవాసి తేడా లేదు, జుబైర్ చెయ్యి వణకడమేమిటి, జరిపెయ్యనా అన్నా, ముట్టుకోకు, తప్పు కదన్నా, తప్పే, నాది, టిక్కు ఆపెయ్ తమ్ముడూ, వాడొక్కడినే ఉంచు, అని వజ్దీ కర్రలు అందుకున్నాడు, ఎలా ఉన్నావని రాయడం చేతకాని వాడు, ఆ మంచు ఊళ్లో, పన్నెండేళ్లుగా, నా చోటు ఖాళీగా ఉంచుకుని వాయిస్తున్నాడు, కాదు, ఖాళీగా కాదు, నాతో కలిసే వాయిస్తున్నాడు, పక్కన నేను లేనని తెలిసి కూడా.