పిట్ట మెచ్చిన ఎర

దర్జీ అల్లుడు మళ్ళీ ఖాళీ బుట్టతో ఇల్లు చేరాడు. గుమ్మంలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్న అత్త తల కూడా ఎత్తలేదు.

"పిట్టలు కులాసానా అల్లుడుగారూ? మర్యాదలకేమీ లోటు చెయ్యలేదు కదా?"

అతను బుట్ట మూలన పెట్టి చేతులు కడుక్కున్నాడు.

తన కుట్టుకొట్టు మూతపడ్డాక భార్యతో అత్తింటికి వచ్చాడు. కొండవాలు తుప్పల్లో తిరిగే కౌజుపిట్టలే ఆ ఇంటికి కూడు పెట్టాయి. వాటిని పట్టడంలో అత్తకు సాటి లేదు. మోకాళ్ళు మొరాయించాక, ఇక ఎక్కలేనని తేల్చేసింది. కోతలు ముగిసేలోపు అల్లుడు ఒక్క పిట్టను తెస్తే ఆ వాలు అతనిది. తేలేకపోతే ఆమె అన్నకొడుకుది. అప్పుడు అల్లుడు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పని కోసం కొట్టుకొట్టూ తిరగాలి.

ఎర ఏమిటో మాత్రం అత్త చెప్పదు. నోట చెప్పిన ఎరకు పిట్ట రాదని పిట్టలు పట్టే ఇళ్ళవాళ్ళ నమ్మకం.

అల్లుడు బుట్టను పుల్ల మీద ఏటవాలుగా నిలిపి, పుల్లకు దారం కట్టి, కింద గింజలు చల్లాడు. నూకలు చల్లాడు. నువ్వులు దోరగా వేయించి మరీ చల్లాడు. చీమలు సకుటుంబంగా వచ్చి తినిపోయాయి. ఉప్పు తక్కువైందేమో అన్నయ్యా అని అన్నకొడుకు దారిలో ఆపి ఎగతాళి చేశాడు.

కోతలు చివరి మడికి వచ్చాయి. ఆ ఉదయం అతను బుట్ట పెట్టలేదు. ఊరికే పొదచాటున కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ కూర్చున్నది అక్కడే. కానీ దారం కొస పట్టుకుని బుట్టనే చూసేవాడు. సూదిమొనకు అలవాటుపడ్డ కళ్ళకు పక్కనేముందో ఆనేది కాదు. ఆ రోజు చేతిలో దారం లేదు గనుక పిట్టలను చూశాడు.

కోసిన చేలో గింజలు దండిగా రాలి ఉన్నాయి. పిట్టలు వాటిని తొక్కుకుంటూ పోయాయి. విందు తిని లేచినవాడికి మరమరాలు చూపించినట్టుంది నా ఎర, అనుకున్నాడు. అవి తిన్నగా తుప్పల్లోకి పోయి ఎండిన పేడముద్దల దగ్గర ఆగాయి. కాళ్ళతో గీకి, తిరగేసి, టకటకా ఏరుకున్నాయి. మధ్యలో ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి కూడా.

అవి వెళ్ళాక ఒక ముద్ద ఎత్తి చూశాడు. అడుగున తెల్లగా చెదపురుగులు లుకలుకలాడుతున్నాయి. పక్కనున్న రెట్టను పుల్లతో చిదిమాడు. అందులోనూ వాటి తలల పెంకులే.

సాయంత్రం ఒక పాతకుండలో ఎండుగడ్డి, పేడముక్కలు కుక్కి, తడిపి, చెదపుట్ట పక్కన బోర్లించి వచ్చాడు. కుండ ఎందుకని భార్య అడిగితే, వంటకన్నాడు. ఆమె నుదురు కొట్టుకుంది.

తెల్లవారి ఎత్తేసరికి కుండ లోపలంతా చెదలే. బుట్ట కింద కుమ్మరించి పొదచాటుకు పోయాడు. ముందు ఒక మగపిట్ట మెడ చాచింది. ఒక్క పురుగు తిని కూతపెట్టింది. అతను దారం బిగించి పట్టుకున్నాడు. లాగలేదు. ఇంకో రెండు వచ్చి తలలు దించాయి.

అప్పుడు లాగాడు.

రోజూ వెనకసందున ఇల్లు చేరే మనిషి ఆ రోజు నడివీధిన వచ్చాడు. అన్నకొడుకు చూసి, నోట పుల్ల నములుతూనే వెంటబడ్డాడు.

అత్త ఒక పిట్టను అందుకుని మెడ కింది మేతసంచిని బొటనవేలితో తడిమి, ఏం తిన్నదో పసిగట్టింది. మొదటిసారి అల్లుడి మొహంలోకి చూసింది.

"ఎవరు చెప్పారు?"

"పిట్టలే చెప్పాయి అత్తయ్యా."

"నాకిది తెలియడానికి ఒక కోతకాలమంతా పట్టింది. మా నాన్న ముందు ఏడ్చాను కూడా," అంది అత్త. తర్వాత అన్నకొడుకు వైపు తిరిగింది. "వాలు మీ అన్నయ్యది. అడక్కుండా అడుగు పెట్టకు."

ఏం వేశావని వాడు మెల్లగా అల్లుణ్ణి అడిగాడు. అల్లుడు నవ్వాడంతే.

మీ ఆయనకు పెద్ద కంచం పెట్టవే అని అత్త లోపలికి కేకేసింది. అతను కడుపు నిండా తిన్నాడు. మారు అడిగి మరీ తిన్నాడు. చెయ్యి కడుక్కుని, కుండ భుజాన పెట్టుకుని, వీధి వీధంతా వినేలా ఈలవేస్తూ కొండదారి పట్టాడు.